మగ్గముల ఇండ్లలో పిల్లల లావు: తల్లిదండ్రులు తెలిసికొనదగిన సంగతులు

మన నేత కుటుంబములలో బిడ్డ బొద్దుగా ఉన్నచో దిష్టి తగులునని బుగ్గన చుక్క పెట్టుదురు. సన్నగా ఉన్నచో తల్లిని ఆడిపోసికొందురు. దీనికి కారణము లేకపోలేదు. నూలు దొరకక మగ్గములు నిలిచిపోయిన రోజులు, పూటకు గంజితో సరిపెట్టుకొనిన రోజులు చూచిన పెద్దలు ఇంకను మన మధ్య ఉన్నారు. వారి లెక్కలో ఒళ్ళు అనగా కలిమి. కావున పిల్లల లావును గురించి హెచ్చరిక వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. నూలు ధరలు, రిబేటు, పరపతి సంగతులు వ్రాయవలసిన పత్రికలో పిల్లల తిండి గొడవ ఏమిటని మా కమిటీలో ఒక పెద్దమనిషి అడుగనే అడిగిరి. చేనేత ఇంటిలో పిల్లవాని తిండి మగ్గము నుండి వేరుగా లేదు. అందుచేతనే వ్రాయుచున్నాము.

ముందుగా దేశము సంగతి రెండు మాటలు. 2015-16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేండ్ల లోపు పిల్లలలో నూటికి 2.1 మంది ఎత్తుకు మించిన బరువు గలవారుగా తేలిరి. 2019-21 సర్వే నాటికి అది 3.4 అయినది. అంకె చిన్నదే. కాని అదే రెండవ సర్వేలో వయసుకు తగిన ఎత్తు లేని పిల్లలు నూటికి 35.5 మంది. అనగా ఆకలి పోకముందే లావు వచ్చినది. 2016-18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో 10 నుండి 19 ఏండ్ల వారిలో నూటికి దాదాపు అయిదుగురు అధిక బరువు గలవారు. నూటికి ఇంచుమించు 24 మంది మిక్కిలి సన్నని వారు. ఈ రెండును ధనికుల ఇంట ఒకటి, పేదల ఇంట ఒకటిగా విడివిడిగా ఉండునని తలంచరాదు. ఒకే ఇంట తల్లి రక్తము తక్కువై పాలిపోయి ఉండును, పిల్లవాడు ఆయాసపడుచు మెట్లెక్కును. ఒకే కుండలోని అన్నము, ఒకే అంగడిలోని పొట్లము ఈ రెంటికిని కారణము కావచ్చును.

మగ్గమున్న ఇంటిలో ఇది ఎట్లు జరుగునో మనకు తెలిసినంతగా డాక్టర్లకు తెలియదు. పగలంతయు తండ్రి గుంటలో కూర్చుండును. తల్లి కండెలు చుట్టుచుండును, లేక రెండవ మగ్గము మీద ఉండును. ఇల్లు చిన్నది. పడుగు సాగదీసి ఉన్న చోట చంటివాడు ప్రాకుటకు వీలులేదు. ఒక్క లాగుతో నాలుగు పోగులు తెగినచో గంట సేపు అతుకుట. వాడు ఏడ్చును. ఆ ఏడుపు ఆపుటకు చేతికందునవి రెండే: అయిదు రూపాయల పొట్లము, సెల్‌ఫోను. మా సంఘములోని ఒక సభ్యురాలిని ఇది తగునా అని అడిగితిమి. "అన్నా, మగ్గం నిలిస్తే కూలి నిలిచిపోతుంది. పిల్లోడు ఏడిస్తే నేను ఏం చేసేది?" అని ఆమె అడిగినది. ఆమె ప్రశ్నకు జవాబు చెప్పకుండ పోషకాహారమును గురించి ఉపన్యాసమిచ్చుట సులభము. అట్టి ఉపన్యాసములు మన వీధులలో చాలినన్ని జరిగినవి.

పొట్లముతో బిడ్డ ఊరుకొనుట నిజమే. ఎందుకు ఊరుకొనును? ఉప్పు, నూనె, తీపి ఈ మూడును నాలుకను పట్టునట్లు కలిపి చేసిన తిండి అది. కడుపు నిండినట్లు తెలియకముందే పొట్లము అయిపోవును. ఒక గంటలో మరల ఆకలి. లేక అన్నము వేళకు ఆకలి లేదు. వాడు పప్పన్నము ముట్టడు. "వీడు ఏమీ తినడు" అని తల్లి మరియొక పొట్లము ఇచ్చును. ఈ చుట్టు ఒకసారి పడిన తరువాత విప్పుట కష్టము. అందుచేత చిక్కు పడక ముందే చూచుకొనుట మేలు.

పొట్లము లెక్క ఒకసారి మన పద్ధతిలో వేసి చూతము. నూలు చిలపలో పది గ్రాములు తగ్గినచో సంఘము కార్యాలయము మీదికి వచ్చు జాతి మనది. ఆ కన్నుతోనే పొట్లము వెనుకభాగము చూడవలెను. తూకము అచ్చువేసి ఉండును. 12 గ్రాములకు అయిదు రూపాయలైనచో కిలోకు 400 రూపాయల పైమాట. వేయించిన బంగాళాదుంప చిప్సులో ఇంచుమించు మూడవ వంతు నూనె. గ్లూకోజు బిస్కట్లని బలము కొరకు పెట్టువాటిలో నూటికి పాతిక గ్రాములకు అటునిటుగా పంచదార, మిగిలినదానిలో అధిక భాగము మైదా. 250 మిల్లీలీటర్ల గ్యాసు పానీయపు సీసాలో దాదాపు 25 గ్రాముల పంచదార ఉండును, అనగా అయిదారు చెంచాలు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దలకు సైతము రోజు మొత్తము మీద పంచదార 25 గ్రాములకు మించరాదని చెప్పుచున్నది. ఒక సీసాతో బిడ్డ వాటా తీరిపోయి తండ్రి వాటా కూడ త్రాగినాడన్నమాట.

దినమునకు రెండు అయిదు రూపాయల పొట్లములైనచో నెలకు 300 రూపాయలు. గ్రుడ్డు 7 రూపాయలనుకొనినను అది 42 గ్రుడ్ల వెల. మన కూలిలో ఆ 300 ఎంత భాగమో ఎవరి పాసుపుస్తకము వారు చూచుకొనవచ్చును.

ఇక పిల్లవాడు నిజముగా లావా, లేక బలమైన కట్టా అని తెలియుట ఎట్లు? కంటికి నమ్మరాదు. మన కన్ను బొద్దుతనమునకు అలవాటు పడినది. ఆసుపత్రిలో ఎత్తు, బరువు చూచి పట్టికలో వేసి చెప్పుదురు. ఇంటిలో చూచుకొనుటకు నేతగానికి అందరికంటె సులువైన సాధనము కలదు, అది పోగు. సాగని నూలుపోగు ఒకటి తీసికొనుడు, రెండు మూడు పోగులు పేనినదైనచో మరియు మంచిది. పిల్లవానిని చెప్పులు లేకుండ గోడకు ఆనించి నిలబెట్టి తల నుండి మడమ వరకు పోగు కొలిచి త్రెంచవలెను. ఆ పోగును సరిగా రెండుగా మడవవలెను. మడచిన పోగును నడుము చుట్టు త్రిప్పి చూడవలెను. కట్టవలసిన చోటు లాగు బొందు ఉండు చోటు కాదు. కడపటి ప్రక్కటెముకకును తుంటి ఎముకకును నడుమ, బట్ట మీద గాక ఒంటి మీద, ఊపిరి మామూలుగా విడిచినప్పుడు. కొసలు కలిసి ఇంకను పోగు మిగిలినచో భయము లేదు. కొసలు అంటీ అంటనట్లున్నను, అసలు కలియకున్నను, నడుము ఎత్తులో సగమునకు చేరినదన్నమాట, డాక్టరుకు చూపవలెను. అయిదేండ్లు దాటిన పిల్లలకును పెద్దలకును ఈ సగము కొలత నేడు వైద్యులు వాడుచున్నదే. దీనికి తక్కెడ అక్కరలేదు, వయసు పట్టిక అక్కరలేదు. మడచిన పోగు తల్లిదండ్రులు తమ నడుమునకు కూడ చుట్టి చూచుకొనుట మంచిది. కొందరు చూచి నవ్వి ఊరకుందురు, కొందరు నవ్వరు.

అయిదేండ్ల లోపు వారికి ఈ పోగు పనికిరాదు. వారికి అంగన్‌వాడీలోని బరువు కార్డే ప్రమాణము. నెలనెల తూకము వేయించి ఆ గీత ఎటు పోవుచున్నదో చూపుమని అడుగుడు. పిల్లవాడు క్రిందికి జారినను, ఉన్నట్టుండి పైకి ఎగబ్రాకినను ఆ గీతలోనే తెలియును.

లావు సంగతి తల్లి కడుపులోనే మొదలగుననుట విని కొందరు ఆశ్చర్యపడుదురు. పూనా ప్రక్క పల్లెలలో డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్ గారును వారి సహచరులును 1990ల నుండి గర్భిణీలను, వారి బిడ్డలను వెంబడించి పరిశీలించిరి. అచటి శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, పోల్చి చూచిన ఇంగ్లండు శిశువుల సగటు 3.5 కిలోలు. మన బిడ్డలలో కండ తక్కువ, పొట్టలోని అవయవములు చిన్నవి. కాని చర్మము క్రింది కొవ్వు మాత్రము అంతగా తగ్గలేదు. చూపునకు సన్నము, లోపల కొవ్వు. ఇట్టి బిడ్డను త్వరగా బొద్దు చేయవలెనని తీపి పొడులు, బిస్కట్లు పాలలో నానబెట్టి కూరినచో పెరుగునది కండ కాదు, కొవ్వే. ముప్పది ఏండ్లకే చక్కెర జబ్బు తెచ్చుకొని మందుల చీటీతో సంఘమునకు అడ్వాన్సు కొరకు వచ్చు సభ్యులను చూచుచున్నాము. రోజుకు ఎనిమిది పది గంటలు కూర్చుండి చేయు వృత్తి మనది. కూర్చుండు వృత్తికి లావైన ఒంటితో పోవు పిల్లవానికి ఆ జబ్బు మరింత దగ్గర.

కావున బిడ్డ కొరకు మొదట తినవలసినది తల్లి. మన ఇండ్లలో ఆమె అందరికి వడ్డించి అడుగుమాడు చారన్నముతో లేచును. గర్భిణి కండెలు చుట్టుచున్నను పప్పు, ఆకుకూర, గ్రుడ్డు ఆమె కంచములో ముందు పడవలెను. ఆరోగ్య కేంద్రములో ఇచ్చు ఇనుము మాత్రలు నల్లవిరేచనమగునని పారవేయరాదు. అది మాత్ర గుణము, జబ్బు కాదు. పుట్టిన బిడ్డకు ఆరు నెలలు తల్లిపాలు తప్ప నీళ్ళు కూడ వద్దు. తరువాత ఇంటి తిండి మెత్తగా మెదిపి పెట్టవలెను. రెండేండ్లు నిండువరకు తీపి పానీయములు, తీపి చేర్చిన తిండి పెట్టవలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పినది. డబ్బాపాలను, శిశువుల డబ్బా తిండిని ప్రకటనలతో అమ్మరాదని మన దేశములో 1992 నుండి చట్టమే కలదు. చట్టము చేయవలసి వచ్చినదనగా ఆ డబ్బా ఎంత పని చేయుచుండెనో ఊహించుకొనవచ్చును.

పెద్ద పిల్లల కంచము సంగతి. మన కంచములో కొండంత అన్నము, కొసన గోరంత కూర. ముప్పూటల బియ్యమే, ప్రొద్దున ఇడ్లీ, మధ్యాహ్నము అన్నము, రాత్రి దోసె అనినంత మాత్రమున మార్పు కాదు. తిండి వలన వచ్చు శక్తిలో ధాన్యముల వాటా 45 శాతమునకు మించరాదని జాతీయ పోషకాహార సంస్థ 2024 సూచనలలో చెప్పినది. ఆ సంస్థ పుట్టుకయు బియ్యము చుట్టే జరిగినది: 1918లో నీలగిరులలోని కూనూరులో మెకారిసన్ దొర బెరిబెరి జబ్బు పరిశోధనకు పెట్టిన చిన్న ప్రయోగశాల పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదు చేరినది. బియ్యపు తవుడంతయు పోగొట్టి తెల్లగా పట్టించిన అన్నమే ఆ జబ్బునకు మూలము. మల్లెపూవు వంటి అన్నము మీది మోజు మనకింకను పోలేదు.

ఇచట మనవారు స్థిరపడిన చోట్ల సంగతి ఒకటి చెప్పవలెను. తరతరములుగా మనము ఇరుగుపొరుగు భాష నేర్చితిమి. వారి ధాన్యము నేర్చుకొనిన వారు మేలు పొందిరి. షోలాపూరులోని పద్మశాలి ఇండ్లలో జొన్నరొట్టె, వేరుశెనగ పొడి నిత్యపు తిండి. ఆ పొడిలో మాంసకృత్తులు నూటికి 20 గ్రాములకు పైన. కర్ణాటకములోని మనవారికి రాగిముద్ద, ఉలవచారు కొత్తవి కావు. రాగులు 100 గ్రాములలో సున్నము 340 మిల్లీగ్రాములకు పైన. అంతే బియ్యములో 10 మించదు. తమిళనాట ఉడికించిన శెనగలు, అలసందల సుండలు కోవెల ప్రసాదముగా పంచుదురు. దానిని ఇంటి సాయంకాలపు తిండిగా చేసికొనుటకు నవరాత్రులు రానక్కరలేదు. బరంపురములోను, యానాములోను చేపలకు కొదువలేదు. ఎక్కడ ఉన్నవారు అక్కడి సంతలో చౌకగా దొరకునది తెచ్చుకొనవలెను. రేషను అంగడిలో బియ్యము, పంచదార, పామాయిలు తప్పక తెచ్చుకొని, పప్పు మాత్రము విడిచి వచ్చువారు కొందరు కలరు; వారు పప్పును ముందు తెచ్చుకొనవలెను.

మరి ఆ సభ్యురాలి ప్రశ్న. పొట్లము బదులు చేతికి ఏమి ఇచ్చుట? మా వీధిలో నాలుగైదు ఇండ్లవారు చేయుచున్నది చెప్పుదుము. ప్రొద్దున పొయ్యి వెలిగినప్పుడే ఒక గిన్నెడు శెనగలో వేరుశెనగలో ఉడికించి మగ్గము ప్రక్క గూటిలో మూత పెట్టి ఉంచుదురు. అరటిపండో, జామపండో, బొరుగులలో పుట్నాలు కలిపినదో ఇంకొక గిన్నెలో. బిడ్డ ఏడ్చిన చేయి చాచుటకు అది సిద్ధము. నాలుగేండ్ల లోపు వారికి గింజలు మెదిపి ఇయ్యవలెను. గొంతులో అడ్డుపడు ప్రమాదము కలదు. మొదటి వారము పిల్లలు విసరికొట్టిరి. రెండవ వారము ఒకరిని చూచి ఒకరు తినిరి. ఒక ఇంటిలో పొట్లము, ప్రక్క ఇంటిలో శెనగలైనచో ఈ పని సాగదు. వరుసగా నాలుగు ఇండ్లు అనుకొనిననే సాగును. ఏడ్చిన బిడ్డ ఆకలితోనే ఏడ్చుటలేదు. దాహముతో, నిద్రతో, ఒంటరితనముతో కూడ ఏడ్చును. నాలుగిండ్లలో ఒక అవ్వ పిల్లలను అరుగు మీద కూర్చుండబెట్టుకొనినచో నాలుగు మగ్గములు నిలువకుండ ఆడును.

బడి భోజనమును మనవారిలో కొందరు చులకనగా చూచుచున్నారు. అన్నము పెట్టెలో నూడుల్సు కట్టి పంపుట గొప్పగా తలంచుచున్నారు. 1920లో మద్రాసు కార్పొరేషనులో థౌజండ్ లైట్సు బడి పిల్లలకు మధ్యాహ్నపు తిండి పెట్టించినది ఎవరు? సర్ పిట్టి త్యాగరాయ శెట్టిగారు. తెలుగు దేవాంగ కులమున పుట్టి, స్వయముగా మగ్గములు నడిపించినవారు. పిల్లవానికి రోజుకు ఒక అణా మించకుండ ఆ ఏర్పాటు జరిగినది. ఆ దారిలోనే 1956లో కామరాజ్ ప్రభుత్వము, 1982లో ఎం.జి.రామచంద్రన్ ప్రభుత్వము మధ్యాహ్న భోజనమును రాష్ట్రమంతట విస్తరింపజేసినవి. 2022లో తమిళనాట ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో ఉదయపు ఫలహారము మొదలై 2023లో రాష్ట్రమంతటికి వచ్చినది. నేతపనివాని ఆలోచనతో మొదలైన అన్నమును నేతపనివాని బిడ్డ వద్దనుట మాకు నచ్చలేదు. అందులోని గ్రుడ్డు, పప్పు మనము పొట్లములో కొని ఇయ్యగలిగిన దేనికంటెను మిన్న. వండుట బాగులేదన్నచో బడికి పోయి అడుగవలెను, పిల్లవానిని మానిపించరాదు.

ఆట గురించి. పూర్వము వీధి పొడవున పడుగు సాగదీసి గంజి పట్టించుచుండగా పిల్లలు తెల్లవారు జాము నుండి ఆ కొస నుండి ఈ కొసకు పరుగెత్తి అందించుచుండిరి. నేడు పడుగు చుట్టిన బీముగా ఇంటికి వచ్చుచున్నచోట ఆ పరుగు పోయినది. దాని చోట ఏమియు రాలేదు, సెల్‌ఫోను తప్ప. అయిదు ఏండ్లు దాటిన వారికి రోజుకు ఒక గంట చెమట పట్టు ఆట వలెనని, రెండేండ్ల లోపు వారికి తెర అసలు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. తొక్కుడుబిళ్ళ, కబడ్డీ, తాడాట వీనికి ఖర్చు లేదు. ఆడపిల్ల పెద్దది కాగానే ఆట మానిపించి రాట్నము ముందు కూర్చుండబెట్టుట మన ఇండ్లలో మామూలు. లావు ఆ యేడే మొదలగుట చాలమంది తల్లులు గమనించియే ఉందురు.

లావైన పిల్లవానిని ఏమి చేయరాదో కూడ చెప్పవలెను. పస్తు పెట్టరాదు. ఎదుగు పిల్లకు అన్నము తగ్గించి చిక్కించుట ప్రమాదము; పొట్లము, తీపి మాని పెరుగుటకు ఎడమిచ్చినచో ఎత్తు పెరిగి బరువు సర్దుకొనుట తరచు జరుగును. అందరి ముందు పేరుపెట్టి పిలువరాదు. "బొండాం", "గున్న" అని మనము ముద్దుగా పిలుచునది వాడు బడిలో ఏడ్చుచు వినుచున్నాడు. చిక్కుటకు పొడులు, కషాయములు అమ్మువారిని గుమ్మమెక్కనీయరాదు. ఒకనికి మాత్రము పథ్యము పెట్టి మిగిలిన వారు ఎదుట చిప్సు తినుట న్యాయము కాదు. ఇంటిల్లిపాదికి ఒకటే తిండి. మెడ వెనుక చర్మము నల్లగా మందముగా మారినను, నిద్రలో గట్టిగా గురక పెట్టినను, ఎత్తు పెరుగక ఒళ్ళు మాత్రమే పెరిగినను ఆలస్యము చేయక ప్రభుత్వ ఆసుపత్రికి తీసికొని పోవలెను.

మా సంఘములో సర్వసభ్య సమావేశమునకు సీసా పానీయములు తెప్పించుట మాని మజ్జిగయు, సుండలును పెట్టవలెనని కమిటీ తీర్మానించినది. కూలి పంచు శనివారము నాడు కార్యాలయములో అయిదేండ్లు దాటిన పిల్లలకు పోగు కొలత చూచుటకు ఇద్దరు సభ్యురాండ్రు ఒప్పుకొనిరి. పోగుకు కావలసిన నూలు సంఘము స్టాకులో నుండి ఇచ్చుట జరుగును. ఇతర ఊళ్ళ సంఘములవారు ఇట్టి ఏర్పాటు చేసికొనినచో, ఏ తిండిని పిల్లలు ఇష్టపడిరో, ఏది విసరికొట్టిరో మాకు వ్రాసి పంపగోరెదము. తరువాతి సంచికలో అందరికి తెలియజేయుదుము.